బండికి కళ్ళున్నాయి, ఎదుటోడి మనసే తెలీదు

గత నెల డ్రైవర్ లేని బండ్ల మీద నాలుగు ముక్కలు రాశానో లేదో వాట్సాప్ నిండిపోయింది. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు, ఐదు తీసుకున్నా.

ప్రశ్న: మా అబ్బాయి కంది ఐఐటీలో చదువుతున్నాడండీ. అక్కడ డ్రైవర్ లేని బస్సెక్కి వీడియో పంపాడు. నిజంగానే మనిషి లేకుండా పోతోందా, ఎక్కడన్నా కూర్చుని రిమోట్‌తో తిప్పుతున్నారా? మన ఊరి రోడ్డు మీదకి ఎప్పుడొస్తుంది? (ఒక గృహిణి, సిద్దిపేట)

జవాబు: రిమోట్ కాదమ్మా, అదే నడుస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో తిహాన్ అని ఒక కేంద్రం ఉంది, అక్కడ 130 కోట్ల ఖర్చుతో పెట్టిన టెస్ట్ ట్రాక్‌ని 2022 జులైలో ఓపెన్ చేశారు, ఆరు సీట్లదీ పద్నాలుగు సీట్లదీ కరెంటు బస్సులు తయారుచేసి 2025లో క్యాంపస్ లోపల పిల్లల్నీ స్టాఫ్‌నీ తిప్పడం మొదలుపెట్టారు. లోపల అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే అసలు కిటుకంతా అక్కడే ఉంది. రూటు తెలుసు, స్పీడు తక్కువ, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు, ఎదురుగా రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ రాదు. అమెరికాలో ఫీనిక్స్‌లో ఉన్న మనవాళ్ళు అమ్మానాన్నల్ని వేమో కారెక్కించి వీడియోలు పెడతారు చూడండి, అది 2020 నుంచే ముందు సీట్లో మనిషి లేకుండా జనాన్ని తిప్పుతోంది, అయితే అదీ ఇంతే, గీత గీసిన ఏరియా దాటి పోదు.

ఇక మన రోడ్డు సంగతి. చూడ్డం పెద్ద కష్టం కాదమ్మా ఈ బండ్లకి, కెమెరా ఉంది, రాడార్ ఉంది, లైడార్ అని లేజర్ కిరణం కొట్టి అది తగిలి తిరిగొచ్చే టైమును బట్టి దూరం కొలిచేది ఉంది, చీకట్లో మనకన్నా అదే బాగా చూస్తుంది. చూసినదాన్ని అర్థం చేసుకోడమే కష్టం. 2018 మార్చిలో అరిజోనా టెంపేలో రాత్రిపూట ఒకావిడ సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటుతుంటే టెస్టింగ్‌లో ఉన్న ఊబర్ కారు గుద్దింది, ఆవిడ చనిపోయింది. దర్యాప్తులో ఏం తేలిందో తెలుసా, ఆ కారు ఆవిణ్ణి 5.6 సెకన్ల ముందే చూసింది! చూసి, ఇది బండి అనుకుంది, తర్వాత ఇంకేదో అనుకుంది, తర్వాత సైకిల్ అనుకుంది, పేరు మార్చినప్పుడల్లా అంతకుముందు ఆవిడ ఎటునుంచి ఎటు నడిచిందో ఆ లెక్కంతా చెరిపేసి మళ్ళీ మొదలెట్టింది, దాంతో ఆవిడ తన దారిలోకి వస్తోందని చివరి క్షణం దాకా తెలుసుకోలేదు. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనిషి దాటుతాడన్న ఆలోచనే ఆ సాఫ్ట్‌వేర్‌లో పెట్టలేదట. సీట్లో చూసుకోడానికని కూర్చోబెట్టిన మనిషేమో ఫోన్ చూసుకుంటోంది.

ఇప్పుడు మీ సిద్దిపేట బస్టాండ్ ముందు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. జీబ్రా గీతల మీదే దాటేవాళ్ళు ఎంతమంది? మనవాళ్ళు చెయ్యి కొంచెం పైకెత్తి అరచెయ్యి చూపిస్తారు, లారీవాడు తల ఊపుతాడు, ఇద్దరికీ ఒప్పందం అయిపోతుంది, వీళ్ళు దాటేస్తారు. ఆ అరచేతిని చదవడం నేర్పాలి బండికి. అందుకే మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ళు ఇంటెల్‌తో కలిసి హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద కారుకి కెమెరాలు కట్టుకుని తిరిగి, పదివేల ఫోటోల్లో ఒక్కో వస్తువు చుట్టూ గీత గీసి ఇది ఆటో, ఇది జంతువు, ఇది రోడ్డు పక్క మట్టి అని రాసి పెట్టారు, 2018లో అందరికీ వదిలారు. యూరప్ వాళ్ళ ఫోటోల్లో ఆటో ఎక్కడిది పాపం! ఎప్పుడొస్తుందో తారీఖు మాత్రం అడక్కండి. గడ్కరీ గారైతే 2023లో నాగ్‌పూర్‌లో మాట్లాడుతూ డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి, ఈ కార్లని రానివ్వనని గట్టిగానే చెప్పారు.

ప్రశ్న: కొత్త కారు కొన్నానన్నా, ఏడాస్ (బ్రేకు, స్టీరింగ్‌లో డ్రైవర్‌కి సాయం చేసే సిస్టమ్) ఉంది. మొదట్లో బానే ఉండేది, ఈమధ్య ముందున్న బండి మీద రాడార్ పని చేయట్లేదని మెసేజ్ వస్తోంది. లేన్ మారితే స్టీరింగ్ లాగుతోంది. ఆపేసుకోనా? (గుంటూరు)

జవాబు: తమ్ముడూ, ముందొకటి చెప్పు, దసరాకి ఆయుధ పూజ చేయించావా? నవ్వకు. మా బావమరిది కారుకి సరిగ్గా ఇదే అయింది. షోరూమ్‌కి రెండుసార్లు తిరిగాడు, చివరికి నేనే బంపర్ ముందు గొంతుక్కూర్చుని చూస్తే, గ్రిల్ కింద నల్లటి నున్నటి ప్లాస్టిక్ పలక ఉంది, దాని మీద మా అక్కయ్య పసుపూ గంధమూ అరంగుళం మందాన పూసి కుంకుమ బొట్టు పెట్టింది, పైన వాన బురద. ఆ పలక వెనకే రాడార్ ఉంటుంది (కొన్ని కార్లలో లోగో వెనక). ఉట్టి ప్లాస్టిక్ గుండా రాడార్ తరంగం ఈజీగా పోతుంది, తడి బురదో లోహం కలిసిన స్టిక్కరో ఉంటే పోదు. తడిగుడ్డతో తుడిస్తే మెసేజ్ పోయింది. బొట్టు బానెట్ మీద పెట్టుకోండి, దేవుడేమీ అనుకోడు. అలాగే లోపల అద్దం వెనక కెమెరా ముందు వెంకన్న స్టిక్కర్ ఉంటే పక్కకి జరుపు, ముందద్దం ఎప్పుడైనా మార్పిస్తే కెమెరా కాలిబ్రేషన్ చేయించకుండా బండి బయటికి తీయకు, కొంచెం వంకర చూసినా అది చెప్పే దూరాలన్నీ తప్పుతాయి.

స్టీరింగ్ లాగడం అంటావా, అది నీ తప్పే. ఇండికేటర్ వేయకుండా గీత దాటితే నువ్వు కునుకు తీశావనుకుంటుంది, అందుకే వెనక్కి లాగుతుంది. ఇండికేటర్ వేసి చూడు, నోరెత్తదు. సింగిల్ రోడ్డు మీద, గీతలు చెరిగిపోయిన చోట, ఊళ్ళలో మాత్రం లేన్ అసిస్ట్ ఆపేసుకోవడమే మంచిది. ఎమర్జెన్సీ బ్రేకు ఆపకు. ఇంకోటి, ఇప్పుడు మన మార్కెట్లో అమ్ముతున్న ఏడాస్ కార్లు సున్నా నుంచి ఐదు దాకా ఉన్న లెవెల్స్‌లో లెవెల్ 2 దాటలేదు. లెవెల్ 2 అంటే బండి సాయం చేస్తుంది అంతే, నడిపేది నువ్వే, కేసు కూడా నీ మీదే. చేతులొదిలేసి రీల్ తీసేవాళ్ళని చూసి మోసపోకు.

ప్రశ్న: మా చౌరస్తాలో స్మార్ట్ సిగ్నల్ అని బోర్డు పెట్టారు. ఎదుట రోడ్డు ఖాళీ, మాకు మాత్రం 90 సెకన్లు ఎర్రలైటు. ఇందులో తెలివి ఎక్కడుంది సార్? (రిటైర్డ్ లెక్కల మాస్టారు, వరంగల్)

జవాబు: మాస్టారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి చెప్తా. సిగ్నల్స్‌లో మొదటి రకం గడియారం, పొద్దున్న ఇంత సాయంత్రం ఇంత అని ముందే పెట్టేస్తారు, రోడ్డు మీద ఎవరున్నా లేకున్నా దానికి పట్టదు. రెండో రకం బండ్లు లెక్కపెట్టి టైము మార్చుకునేది. సిడ్నీ వాళ్ళు స్కాట్స్ అనీ బ్రిటన్ వాళ్ళు స్కూట్ అనీ 1970ల్లోనే మొదలెట్టారు. రోడ్డు కోసి తారు కింద తీగ చుట్ట పాతుతారు, పైన కారు ఇనుము రాగానే చుట్టలో కరెంటు తీరు మారుతుంది, బండి వచ్చిందని తెలుస్తుంది. లేన్‌కొకటి. బానే ఉందిగా? ఇక్కడ పాతి చూడండి! మనకి లేన్ ఎక్కడుంది మాస్టారూ, రెండు లేన్లలో ఒక బస్సు, పక్కన ఆటో, సందులో ఏడు బైకులు, బైకులో ఇనుమెంత, తీగకి సగం కనపడదు. పైగా నెల తిరక్కుండా పైపులైన్ కోసం ఎవరో ఒకరు తవ్వి తీగ తెంపేస్తారు. అందుకే మన దగ్గర స్తంభం మీద కెమెరా పెట్టి లెక్కపెట్టే పద్ధతికి మళ్ళారు, తిరువనంతపురంలో సీడాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ వాళ్ళు మన కలగాపులగం ట్రాఫిక్ కోసమే కాసికాస్ట్ అని సొంత లెక్క తయారుచేశారు. గూగుల్ దారి ఇంకోటి, మ్యాప్స్ వాడే ఫోన్ల కదలికలు చూసి ఏ సిగ్నల్ టైము ఎంత మారిస్తే బండ్లు తక్కువసార్లు ఆగుతాయో చెప్తుంది, గ్రీన్ లైట్ అని పేరు, అది వాడిన ఊళ్ళలో హైదరాబాద్ ఉంది.

మీ చౌరస్తాలో అంకెలు 90, 89, 88 అని వరసగా దిగుతుంటే నాకు అనుమానమే, ఎందుకంటే నిజంగా క్షణక్షణం మార్చుకునే సిగ్నల్‌కి ఇంకా ఎన్ని సెకన్లో ముందే చెప్పడం కష్టం. ఏ టైముకి వెళ్ళినా 90 నుంచే మొదలవుతోందా? ఓ నాలుగు రోజులు పొద్దునా మధ్యాహ్నం రాసి పెట్టుకోండి. అంకె మారలేదంటే తెలివి బోర్డు మీదే ఉన్నట్టు.

ప్రశ్న: బీటెక్ ఫైనల్ ఇయర్. ఈ టాపిక్ మీద ప్రాజెక్ట్ చేయాలని ఉంది, కారు కొనే డబ్బుల్లేవు. (కాకినాడ)

జవాబు: కారెందుకు. కార్లా, సూమో అని రెండు సిమ్యులేటర్లు (కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి రోడ్డు చూపించే సాఫ్ట్‌వేర్లు) ఫ్రీగా దొరుకుతాయి, ఒకటి కారు నడపడానికి, ఇంకోటి ఊరి ట్రాఫిక్ మొత్తం నడపడానికి. పైన చెప్పిన ట్రిపుల్ ఐటీ ఫోటోలు కూడా రిజిస్టర్ చేసుకుంటే ఇస్తారు. డ్రైవర్ లేని కారు అని పెద్ద పేరు పెట్టకు, భానుగుడి సెంటర్‌లో హెల్మెట్ లేనివాళ్ళని పట్టుకోవడం కాదు, ఇండికేటర్ వేయకుండా తిరిగే ఆటో ఎటు తిరుగుతుందో రెండు సెకన్ల ముందు చెప్పగలవేమో చూడు. వచ్చిందా, నాకు ముందు చెప్పు.

ప్రశ్న: ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టినోణ్ణి. ఇప్పుడు బస్సుల్లో కెమెరా పెట్టి డ్రైవర్ మీద నిఘా అంటున్నారు. మిషను మాకు నేర్పుతదా? (నల్గొండ)

జవాబు: అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఇది కొంచెం వేరే కథ. నాగ్‌పూర్‌లో 2021లో ఐరాస్తే అని ఒక రోడ్డు భద్రత ప్రాజెక్టు మొదలెట్టారు, ఇందులోనూ ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఉంది. సిటీ బస్సు ముందద్దానికి కెమెరా, ముందు బండికి మరీ దగ్గరైతే టింగ్ మంటుంది. బ్రేకు వేసేది డ్రైవరే. నాకు నచ్చిందేంటంటే ఆ టింగులన్నీ మ్యాప్ మీద పెట్టి చూస్తారు, ఒకే మలుపు దగ్గర బస్సు తర్వాత బస్సు టింగ్ మంటుందంటే తప్పు డ్రైవర్లది కాదు మలుపుది అన్నట్టేగా, యాక్సిడెంట్ జరక్కముందే ఆ చోటు బాగుచేయొచ్చు. ముప్పై ఏళ్ళు తిరిగిన రూట్లో అలాంటి మలుపులు మీకు ఎన్ని తెలుసో నాకు తెలీదా? ఓ కాగితం మీద కిలోమీటరు రాళ్ళతో సహా రాసి పంపండి అన్నా, వచ్చే నెల ఇక్కడే వేస్తా.