టికెట్‌లో పన్నెండున్నర గంటలు, ప్రయాణం ఇరవై మూడు గంటలు

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మేలో తన కాన్పుకు నేను ఒక్కదాన్నే వెళ్తున్నా. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4.20కి ఎక్కితే, దుబాయ్‌లో విమానం మారి, అదే రోజు సాయంత్రం 4.50కి దిగుతానని టికెట్‌లో ఉంది. పన్నెండున్నర గంటలే కదా అంటే మా తమ్ముడు కాదు, రోజంతా పడుతుందంటున్నాడు. ఎవరిది కరెక్ట్? అసలు దూరమెంత?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీ తమ్ముడిదే కరెక్టమ్మా. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. మేలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో అయితే పదకొండున్నర, ఎందుకంటే అక్కడ మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి గంట అటూ ఇటూ జరుపుతారు. మీరు దిగేసరికి మిర్యాలగూడలో మర్నాడు తెల్లవారుజాము 3.20 అవుతుంది. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ ఇంచుమించు మూడు గంటలు కూర్చోవడం, ఆ తర్వాత ఏకబిగిన పదహారు గంటలు, మొత్తం ఇరవై మూడు. ఇందులో ఇంటి నుంచి శంషాబాద్ లేదు. మూడు గంటల ముందు చేరాలి కాబట్టి, నార్కట్‌పల్లి మీదుగా వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కేవాళ్లు ముందురోజు రాత్రి తొమ్మిదింటికల్లా బయల్దేరాల్సిందే.

ఇక దూరం. ఫోన్‌లో వెతికితే సుమారు 14,400 కిలోమీటర్లు అని వస్తుంది, అది భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిచిన లెక్క. మ్యాప్ చూసి పడమటికి పోతుందనుకుంటాం గానీ, ఆ దారం దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది! మీరు పోయేది అలా కాదు, దుబాయ్‌కి 2,550, అక్కణ్నుంచి దాదాపు 12,900, కలిపితే 15,450 దాకా. గాలులు, మూసిన గగనతలాలు చూసుకుని పైలట్లు దారి మారిస్తే ఇంకొంచెం పెరుగుతుంది. ఆగకుండా అంత దూరం పోయే విమానాలు లేక కాదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఏకంగా పోతున్నాయి, మన దగ్గర్నుంచి డాలస్‌కు అలాంటి సర్వీసు లేదంతే.

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లయితే గడియారం చూసి కాదు, ఎన్ని గంటలకొకటో డాక్టర్‌ను ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. పదహారు గంటల్లో అప్పుడప్పుడు లేచి నడవండి, లేకపోతే కాళ్లు వాస్తాయి.

తిరుగు ప్రయాణంలో లెక్క తలకిందులవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం అక్కడ ఎక్కితే ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున దిగొచ్చు. కారు పంపేవాళ్లకు "శనివారం రాత్రి" అని చెప్పకండి, తేదీ చెప్పండి, లేకపోతే ఒకరోజు ముందే వచ్చి నిలబడతారు.