స్క్వాడ్ సంగతి సరే, అక్కతో మాట్లాడావా?

ప్రొద్దుటూరు నుంచి 21 ఏళ్ల అబ్బాయి రాశాడు. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐలో నలుగురి స్క్వాడ్ (జట్టు), అందులో ఒకడు కర్నూలులో ఉండే మేనత్త కొడుకు. ముక్కూ మొహం తెలియని రాండమ్స్‌తో బాగానే ఆడతాడట, చిన్నప్పటి నుంచి తెలిసిన బావతో ఆడితేనే ఓటమి. వచ్చే మాఘంలో అక్కను ఆ బావకే ఇవ్వాలనుకుంటున్నారు. "స్క్వాడ్ మారితే బావ ఏమనుకుంటాడో" అని అడుగుతున్నాడు.

మారిపో నాయనా, దానికింత టెన్షన్ అక్కర్లేదు.

పరిచయం పెరిగితే ఆట బాగుపడాలి కదా అన్నావు. బాగుపడుతుంది, ఎవరు ముందు దూకుతారో ఎవరు కవర్ ఇస్తారో చెప్పకుండానే తెలుస్తుంది కాబట్టి. కానీ "అటు పోవద్దు, స్మోక్ బాంబు వెయ్యి" అని ఎవరైనా ఎవరికైనా చెప్పగలిగినప్పుడే. రాండమ్స్‌కి ఆ మాట జంకు లేకుండా చెప్తావు, కాబోయే అల్లుడికి ఎలా చెప్తావు?

నీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించిన సంగతి వేరే ఉంది. బావ నాక్ అయితే, అంటే దెబ్బతిని కూలబడితే, నువ్వు పరిగెత్తుకెళ్లి రివైవ్ చేస్తావు, అలా మళ్లీ లేపడానికి పట్టే ఆ 10 సెకన్లూ తుపాకీ పేల్చలేవని, ఎవడు కాల్చినా పోతావని తెలిసే కూర్చుంటావు. నువ్వు నాక్ అయితే ఆయన నువ్వు పోయేదాకా ఆగి నీ క్రేట్‌ని, అంటే నువ్వు వదిలిపోయిన సామాన్ల పెట్టెని, లూట్ చేసుకుంటాడు. ఓడిపోయాక మైక్‌లో నలుగురూ వింటుండగా నీ తల్లిని తిడతాడు. ఆమె ఆయనకు మేనమామ భార్య, రేపు పిల్లనిచ్చే అత్త!

ఆట వేడిలో అందరూ అంటారని నాతో చెప్పకు. ఓడినా అమ్మ జోలికి పోనివాళ్లు బోలెడుమంది ఉన్నారు.

మేనరికం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోను. బయటి సంబంధమైతే మీ నాన్న కర్నూలు వెళ్లి వీధిలో నలుగురినీ విచారించేవాడు, సొంత చెల్లెలి కొడుకు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. కోపమొస్తే ఆ మనిషి ఎలా ఉంటాడో ఇంట్లో తెలిసింది నీకొక్కడికే. అక్కకు చెప్పకుండా దాచి, స్క్వాడ్ గురించి నన్ను అడుగుతున్నావు. తమ్ముడు చేయాల్సిన పని అది కాదు.

ముందు బావకి ఫోన్ చేసి "అమ్మ పేరెత్తితే ఇక నీతో ఆడను" అని మర్యాదగానే, గట్టిగా చెప్పు. తర్వాత అక్కను కూర్చోబెట్టి విన్నది విన్నట్టు, ఒక్క ముక్క పెంచకుండా చెప్పు. ఫోన్‌లో ఆయన ఇచ్చిన సమాధానం కూడా చెప్పు. అన్నీ తెలిసి చేసుకుంటానంటే అది ఆమె ఇష్టం, వద్దంటే నాన్న ముందు ఆమె పక్కన నిలబడు.