‘రెండవ అలెగ్జాండరు’ ఎవరు?

సందేహం: ఎడింబరో వైద్యుల వంశచరిత్ర ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘అలెగ్జాండర్ మన్రో సెకండస్ ఆఫ్ క్రెయిగ్‌లాక్‌హార్ట్’ అన్నచోట ‘క్రెయిగ్‌లాక్‌హార్ట్ యొక్క రెండవ అలెగ్జాండర్ మన్రో’ అని రాశాను. సరేనా?

సమాధానం: ముందు ఆ ‘యొక్క’ను దించండి. ‘తాళ్లపాక యొక్క అన్నమయ్య’ అని ఎవరైనా అన్నారా? ఊరి పేరు ముందు నిలిస్తే సంబంధం దానంతటదే తెలుస్తుంది.

ఒక మెలిక ఉంది. తాళ్లపాక, బమ్మెర ఊళ్లే ఇంటిపేర్లయ్యాయి. మన్రోలకు ఇంటిపేరు వేరు, ఎస్టేటు వేరు. మన వెంకటగిరి వెలుగోటివారి తీరు. కనుక ‘క్రెయిగ్‌లాక్‌హార్ట్ మన్రో’ అనండి. అయితే సెకండస్ (లాటిన్‌లో ‘రెండవవాడు’) ఆ భూములు కొన్నది 1773లో. 1767లోనే పోయిన ఆయన తండ్రికి ఆ ఊరు తగిలించకండి. ఊరే ఇంటిపేరైన డండాస్‌ల వంటివారిని స్కాట్లండులో ‘ఆఫ్ దట్ ఇల్క్’ అంటారు. ఇల్క్ అంటే ‘అదే’. దాన్ని ‘ఆ బాపతు’ అనే అర్థంలోకి దించేశారు ఇప్పటి ఇంగ్లీషువాళ్లు, వాళ్లను చూసి మనవాళ్లూ. పాత లెక్కన మన పోతన ‘బమ్మెర ఆఫ్ దట్ ఇల్క్’!

అసలు చిక్కు ‘రెండవ’తో. అలా లెక్కపెట్టేది రాజులను. స్కాట్లండును 1214 నుంచి 1249 దాకా ఏలిన రెండవ అలెగ్జాండరు ఉండనే ఉన్నాడు. మూడవవాడు ఆయన కొడుకే! మీ వంశచరిత్రలోని అలెగ్జాండర్ మన్రోలు ముగ్గురూ తాత, తండ్రి, మనుమడు. 1720 నుంచి 1846 దాకా ఎడింబరోలో శరీర నిర్మాణశాస్త్ర పీఠం వాళ్ల ఇంట్లోనే ఉంది. పేరు ఒకటే కావడంతో ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడుతుంది: 1745లో ప్రెస్టన్‌పాన్స్ యుద్ధ క్షతగాత్రులకు వైద్యం చేసింది తాత, మెదడులోని ‘మన్రో రంధ్రా’న్ని వర్ణించింది తండ్రి. తాతగారి తండ్రి జాన్ సైన్యంలో శస్త్రవైద్యుడు, తాతగారి మరో కొడుకు డోనల్డ్ సైనిక వైద్యుడు. దత్తమండలాల థామస్ మన్రోను మాత్రం ఇందులో కలపకండి. ఆయన గ్లాస్గో వర్తకుడి కొడుకు.

తెలుగుకు దారి తాళ్లపాకవారే వేశారు. అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యుడు, ఆయన కొడుకు చినతిరుమలాచార్యుడు. ఒకే పేరు, ముందు పెద, చిన. అంకె లేదు, అయోమయం లేదు. ఎంత ముచ్చటైన ఏర్పాటు! ముగ్గురికి మాత్రం ఇది చాలదు. పెద, నడిమి, చిన అంటే అన్నదమ్ములనుకుంటారు. నా మొగ్గు ‘తాత మన్రో (1697–1767), తండ్రి మన్రో (1733–1817), మనుమడు మన్రో (1773–1859)’ వైపు. ప్రైమస్, సెకండస్, టెర్షియస్ అనే ఉంచితే నేరమనను.

‘లెయిర్డ్’ వస్తే ప్రభువు అనకండి, భూస్వామి చాలు.