జలపాతం, థీమ్ పార్కు ఒకే ట్రిప్పులో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాకు కొత్తగా పెళ్లయింది. డిసెంబరు చివర్లో శని, ఆదివారాల్లో సొంత కారులో పెంచలకోన, ఉబ్బలమడుగు జలపాతాలు చూసుకుని, చెన్నైలో థీమ్ పార్కుకు కూడా వెళ్లి రావాలనుకుంటున్నాం. రెండు రోజులు సరిపోతాయా? – ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: సరిపోవు. జలపాతాల్లో ఒకదాన్ని వదిలేసి, ఇంకో రోజు కలుపుకోండి. కాలం మాత్రం బాగానే ఎంచుకున్నారు. మన కోనలకు నీళ్లొచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలతో. జూలైలో ఆదిలాబాద్ జలపాతాల వీడియోలు చూసి పెంచలకోనకు పరుగెత్తేవాళ్లకు ఎండిన బండలే కనిపిస్తాయి. వాయుగుండం ఉన్న వారం అసలు వద్దు. తెరిపిచ్చి నాలుగైదు రోజులయ్యాక వెళితే ఏరు పారుతూనే ఉంటుంది, నీళ్లూ తేటబడతాయి.

మొదటి రోజు తెల్లవారుజామున బయల్దేరి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన చేరుకోండి. దాదాపు 80 కిలోమీటర్లు. పెట్రోలు రాపూరులోనే పోయించుకోండి. కొండ దిగాక మళ్లీ నెల్లూరు రానక్కర్లేదు, రాపూరు నుంచి అటే గూడూరు వచ్చి పడుకోండి. రెండో రోజు నింపాదిగా చెన్నై, మూడో రోజు పార్కు. కొండెక్కిన మర్నాడే పార్కు పెట్టుకుంటే పిక్కలు పట్టేస్తాయి. వాటర్ స్లైడ్ల దగ్గర మెట్లెక్కడమే సగం పని కదా.

హైవేలో టోల్ గేట్లు వరసగా తగులుతాయి: వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, తమిళనాడులో నల్లూరు. ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేసుకోండి. లేకపోయి నగదు ఇస్తే రెట్టింపు కట్టాలి. రెడ్‌హిల్స్ దాటి ఊళ్లోకి దూరొద్దు. దానికి ముందే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వండలూరు చేరితే, అక్కడి నుంచి కేళంబాక్కం రోడ్డు నేరుగా ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో కలుపుతుంది. తిరుప్పోరూరు దగ్గరి వండర్‌లా పార్కుకైనా, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు)లో ముట్టుకాడు దగ్గరి ఎంజీఎం పార్కుకైనా ఇదే దారి. సంక్రాంతి వారానికి మార్చుకోవాలన్న ఆలోచనుంటే మానుకోండి, తమిళుల పొంగల్ చివరి రోజైన కాణుమ్ పొంగల్ నాడు చెన్నై అంతా బయటే ఉంటుంది. వారం మధ్యలో అయితే క్యూలు తగ్గుతాయి.

ప్రశ్న: జలపాతం దగ్గర ప్రమాదాలు ఎక్కువగా ఎందుకు జరుగుతాయి? ఏం వేసుకెళ్లాలి? – ఓ పాఠకుడు, కావలి

జవాబు: జారిపడటం ఒకటి, మడుగులో దిగడం ఒకటి, ఏరు ఉన్నట్టుండి పొంగడం మరొకటి. మూడోదే మోసం చేస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన వెలిగొండల్లో కురిసిన వాన కాసేపటికి కిందికొస్తుంది. తేట నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, నీటి చప్పుడు మారినా ఫొటో సంగతి వదిలేసి గట్టు మీదికి ఎక్కేయండి. అవతలి ఒడ్డున ఇరుక్కుంటే అక్కడే ఉండండి. మోకాలు దాటిన ప్రవాహం మనిషిని నిలవనివ్వదు. వాన ఆగితే నీళ్లు కొన్ని గంటల్లో తగ్గుతాయి.

ధార పడేచోట రాతిని నీళ్లు తొలిచేసి ఉంటాయి. ఒడ్డున నడుంలోతే ఉన్న మడుగు రెండడుగులు ముందుకేస్తే నిలువు మించిపోతుంది. పైనుంచి దూకడం, తాగి దిగడం రెండూ చావును పిలవడమే. ఈత వచ్చినవాళ్లూ పోతున్నది అందుకే.

ఏటి బండల్లో నల్లగా నిగనిగలాడేది పాచి, దాని మీద అడుగు వేయకండి. తడిసినా గరుకుగా, తెల్లగా కనిపించే రాతి మీదే పాదం ఆనించండి. లోతైన గాడులున్న రబ్బరు సోలు బూట్లు కావాలి. హవాయి చెప్పులు కారులోనే వదిలేయండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పొడి సాక్సు ఒక జత చాలు. తినుబండారాలు బ్యాగులోపల పెట్టండి. చేతిలో కవరు కనిపిస్తే కోతులు వదలవు.

మధ్యాహ్నం రెండు కొట్టేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. డిసెంబరులో ఆరులోపే పొద్దు గుంకుతుంది, కోనలో ఇంకా ముందే మసకబడుతుంది. ఎంత అనుభవమున్నా దారి తెలిసిన ఊరి మనిషిని తోడు తీసుకోవడమే మేలు. ఇంకో మాట, కారు రిమోట్ తాళం జేబులో పెట్టుకుని ధార కిందికి వెళ్లకండి. లోపల తడిస్తే రిమోట్ పనిచేయకపోవచ్చు. జిప్ కవర్లో వేసి, రెండో తాళం ఒడ్డున ఉన్నవాళ్ల చేతికివ్వండి.

ప్రశ్న: థీమ్ పార్కులో చీర, చుడీదార్‌తో నీళ్లలోకి ఎందుకు వెళ్లనివ్వరు? – ఓ పాఠకురాలు, గూడూరు

జవాబు: నూలుబట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. స్లైడులో ఆపేస్తుంది, వేవ్ పూల్‌లో కాళ్లకు చుట్టుకుంటుంది. దాని పీచు పోయి ఫిల్టర్లకు అడ్డం పడుతుంది కూడా. జీన్స్‌దీ అదే గొడవ. ఒంటికి అతుక్కునే నైలాన్ లేదా పాలియెస్టర్ బట్టలు ఇంటి దగ్గరే కొనుక్కోండి, పార్కు కొట్లో ధర ఎక్కువ. పొద్దున్నే రోలర్ కోస్టర్లు, మధ్యాహ్నం నీళ్లు అన్న వరస పెట్టుకుంటే తడిబట్టలతో తిరగక్కర్లేదు. ఉరుములు మెరుపులొస్తే రైడ్లు ఆపేస్తారు కాబట్టి, ఇష్టమైనవి ముందే ఎక్కేయండి. గర్భిణులు, గుండెజబ్బు, నడుంనొప్పి ఉన్నవాళ్లు పెద్ద రైడ్లకు దూరంగా ఉండాలి.

ప్రశ్న: మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కొండెక్కకుండా చూసే జలపాతం ఏదైనా ఉందా? – ఓ పాఠకుడు, కందుకూరు

జవాబు: భైరవకోన వెళ్లండి. పామూరు, సి.ఎస్.పురం మీదుగా దారి. ఒకే కొండను తొలిచి చెక్కిన ఎనిమిది శివాలయాలు, వాటి దగ్గర్లోనే జలపాతం, ఎక్కువ నడక ఉండదు. గుడి దగ్గర బండలు మాత్రం తడిగా ఉంటాయి, చేతికర్ర తీసుకెళ్లండి. వేసవిలో ధార సన్నబడుతుంది కాబట్టి కార్తీకం నుంచి సంక్రాంతి లోపు చూసుకోండి. కార్తీక పౌర్ణమికి జనం విపరీతంగా వస్తారు, ఆ ఒక్కరోజూ తప్పించి ఏ మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.