గోడ దాటి పడిన బంతి

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో వ్యాయామ అధ్యాపకుడిగా పనిచేస్తున్నాను. మా అక్క కొడుకు అమెరికాలోని నెబ్రాస్కాలో చదువుకుంటున్నాడు. విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు ఆడే శనివారం నాడు అక్కడ ఊరు ఊరంతా ఎర్ర చొక్కాలు వేసుకుని స్టేడియానికి తరలుతుందట. మా ప్రహరీ అవతల ఉన్న బస్తీవాళ్లకు మేము గుర్తొచ్చేది మాత్రం, బంతి వాళ్ల రేకుల మీద పడినప్పుడే. మా జట్టుకూ బస్తీకీ అనుబంధం ఏర్పడాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ మేనల్లుడు చెప్పే ఫుట్‌బాల్ మనది కాదు, కోలబంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట అది. అక్కడ కళాశాలల మధ్య తొలి పోటీగా చెప్పుకునేది 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు ఆడినది. (తమాషా ఏమిటంటే, ఆ రోజు బంతిని పట్టుకుని పరుగెత్తడానికి వీల్లేదు, అది మన ఆటకే దగ్గర.) ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌గా పిలిచే వృత్తి క్రీడాకారుల లీగ్ పుట్టింది 1920లో. అంటే అప్పటికే అర్ధ శతాబ్దంగా జనం కళాశాల జట్లకు అలవాటుపడి ఉన్నారు. నెబ్రాస్కాకు నేటికీ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు కనుక విశ్వవిద్యాలయం జట్టే ఆ రాష్ట్రం మొత్తానికీ సొంత జట్టయింది. ఆ చరిత్రను మనం ఇక్కడికి తెచ్చుకోలేము.

తెచ్చుకోదగినది పక్క రాష్ట్రమైన అయోవాలో ఉంది. అయోవా విశ్వవిద్యాలయం వారి కినిక్ స్టేడియానికి ఎదురుగానే పిల్లల ఆసుపత్రి ఉంది. 2017 నుంచి అక్కడ ఆట తొలి పావుభాగం ముగియగానే, దాదాపు 70 వేల మంది ప్రేక్షకులు మైదానానికి వీపు తిప్పి, ఆసుపత్రి కిటికీల దగ్గర నిలబడిన పిల్లల వైపు చేతులు ఊపుతారు. ఎదుటి జట్టు ఆటగాళ్లు కూడా ఊపుతారు. దీనికి పైసా ఖర్చు లేదు, వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. కానీ సొంత మైదానంలో ఆడిన ప్రతిసారీ తప్పకుండా జరుగుతుంది. మన కళాశాలలు సాధారణంగా చేసేది దీనికి తలకిందులు: ఏడాదికొకసారి శిబిరం పెట్టి, పిల్లల కంటే పెద్ద బ్యానరు కట్టి, ఫొటో దిగి, మర్నాడు గేటుకు తాళం వేస్తాము.

మీ పని రేకుల దగ్గరే మొదలుపెట్టమని నా సలహా. తార్నాక వైపు ఒక కళాశాలలో జరిగింది చెబుతాను. బంతి పడి రేకు పగిలితే ఆ ఇంటి పెద్దావిడ బంతిని బియ్యం డబ్బా వెనక దాచేసింది. ఆటగాళ్లు ఇద్దరు వెళ్లి ఎంత బతిమాలినా ఇవ్వలేదు. మర్నాడు పీడీ (వ్యాయామ అధ్యాపకుడు) సారు స్వయంగా మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లి రేకు మార్పించి, గోలుపోస్టు వెనక ఎత్తుగా వల కట్టిస్తానని మాట ఇచ్చి, అన్నట్లుగానే కట్టించాడు. ఆ ఆదివారం ఆవిడే మనవణ్ణి గేటు దాకా తీసుకొచ్చి, "వీడు ఇంట్లో ఉంటే ఫోను వదలడు, మీరే ఆడించండి" అని అప్పగించింది.

బస్తీకి లేనిదీ మీకు ఉన్నదీ మైదానం. వారంలో రెండు రోజులు, ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా, గేటు తీసి ఉంచండి. వేళ మారకూడదు, పరీక్షలున్నా, జట్టు ఓడి వచ్చినా ఆ గంటన్నర ఆగకూడదు. డిగ్రీ విద్యార్థులు మూడు నాలుగేళ్లలో వెళ్లిపోతారు కాబట్టి, ప్రతి సీనియర్ పక్కనా ఒక మొదటి సంవత్సరం విద్యార్థిని నిలబెడితేనే ఈ పని నిలుస్తుంది. జట్టులో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వలంటీర్లు ఉంటే, వారు ఏడాదికి చేయవలసిన 120 గంటల సేవలో దీన్ని చేర్చవచ్చేమో ప్రోగ్రాం అధికారిని అడగండి. బతుకమ్మ సాయంత్రాల్లో మైదానంలో ఒక మూల బస్తీ ఆడవాళ్లకు ఇవ్వడానికి ప్రిన్సిపాల్‌ను ఒప్పించగలిగితే, ఆ తర్వాత మీ మ్యాచ్‌కు రమ్మని ఎవరినీ వేరుగా పిలవనక్కరలేదు.

ఈ నగరానికి ఇది కొత్త విద్య కాదు. 1951, 1962 ఏషియాడ్‌లలో భారత జట్టుకు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా హైదరాబాద్ బడిపంతులు. పిల్లలకు ఆయన డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నెట్టుకుంటూ ఒక్కడే తీసుకెళ్లడం) లేని పోటీలు పెట్టేవాడు. బంతిని దగ్గరే ఉంచుకోకుండా వెంటనే అందించడం అలా అలవాటయ్యేది. సికింద్రాబాద్ అమ్ముగూడలోని పేద కుటుంబం నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం శిక్షణకు రావడానికి బస్సు ఖర్చులు లేవంటే, సైకిలు అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నాడు. ఆ బలరామే మెల్‌బోర్న్‌లోనూ, 1962 ఏషియాడ్ జరిగిన జకార్తాలోనూ ఆడాడు. మీ గేటు ముందు నుంచి వెళ్లే పిల్లల్లో ఎవరికి సైకిలు అద్దె కావాలో, గేటు తీస్తే గాని మీకు తెలియదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. దగ్గరి కళాశాల జట్టువాళ్లు ఆదివారాలు కాలనీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. పంపవచ్చా? – ఒక తల్లి, బొల్లారం

జవాబు: తప్పక పంపండి, కానీ మొదటి రెండు వారాలు మీరూ వెళ్లి గట్టు మీద కూర్చోండి. పిల్లల దగ్గర కనీసం ఇద్దరు పెద్దవాళ్లు, వారిలో ఒక మహిళ ఉండేలా కళాశాలను అడగడం మీ హక్కు. అధ్యాపకుడు లేకుండా విద్యార్థులే నడిపే శిబిరమైతే నేను ఒప్పుకోను. ఈ వయసుకు నాలుగో నంబరు బంతి వాడాలి. అయిదో నంబరు పెద్దవాళ్లది, బరువు. బంతిని తలతో కొట్టడం ఇప్పుడే నేర్పవద్దని చెప్పండి. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు అమెరికా సాకర్ (అక్కడ మన ఫుట్‌బాల్‌కు పేరు) సమాఖ్య 2015లోనే దాన్ని నిషేధించింది. ఆడపిల్లకు ఈ ఆటేమిటని ఇంట్లో ఎవరైనా అంటే, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి భారత మహిళల జట్టుకు ఆడిన గుగులోత్ సౌమ్య పేరు చెప్పండి. స్టడ్స్ బూట్లు మాత్రం అప్పుడే కొనకండి. ఈ వయసులో పాదం ఆరు నెలలకే పెరిగిపోతుంది. బడికి వేసుకునే కాన్వాస్ బూట్లు ప్రస్తుతానికి చాలు.