కుట్టు కబుర్లు: పాత చొక్కా గుడ్డ బొంతలో ఎక్కడ పడాలి?

ప్రశ్న: పాతకాలపు అమెరికన్ చొక్కా గుడ్డల ముక్కలు కొన్ని నా చేతికొచ్చాయి. అన్నీ తెల్లటి, మీగడ రంగు నేల మీద సన్న చుక్కలు, చారలు. వాటితో సంప్రదాయ అతుకుల బొంత కుట్టాలని ఆశ. బల్ల మీద పరిస్తే మాత్రం అన్నీ ఒకేలా, పేలవంగా ఉన్నాయి. వీటికి ఏ నమూనా నప్పుతుంది?

జవాబు: ఆ పేలవత్వమే వాటి విలువ. 1870ల నుంచి 1910 దాకా అక్కడ కుట్టిన బొంతల్ని దగ్గరగా చూడండి. నీలిమందు నీలాలు, ఇటుక ఎరుపులు, గోధుమలు, నలుపులు మన కంటికి ముందు కనిపిస్తాయి. వాటి పక్కన వెలుతురు నింపేది మాత్రం చాలాసార్లు ఈ చొక్కా గుడ్డలే. ఒకే రంగు బొమ్మ కాబట్టి చెక్కిన రాగి రోలరు ఒక్కటి చాలు, అచ్చు పడిపోయేది. అందుకే గుడ్డ చవగ్గా దొరికేది, చవగ్గా దొరికింది కాబట్టే అన్ని బొంతల్లోకీ చేరింది.

గుర్రపు నాడాల అచ్చున్న ముక్క ఒకటి నా దగ్గరుంది. ఒక్కో నాడా చిటికెన వేలి గోరంత కూడా ఉండదు, అయినా మేకులు దిగే రంధ్రాలతో సహా చెక్కారు. చేతిలో పట్టుకుంటే నాడాలు కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగితే బూడిద రంగు చుక్కలవుతాయి. గది అవతలి నుంచి చూస్తే ఇక బొమ్మే ఉండదు, కాస్త మెత్తబడిన తెలుపు మిగులుతుంది. కొత్త తెల్ల పాప్లిన్ ఎంత మంచిదైనా ఆ తెలుపు ఇవ్వలేదు. పది రకాల చొక్కా గుడ్డలు కలిపితే పది రకాల తెలుపులు వస్తాయి. కాబట్టి వీటిని బొంత నడిబొడ్డున పువ్వుగానో నక్షత్రంగానో పెట్టాలని చూడకండి. నేలగా వేయండి, ముదురు రంగుల్ని వాటి మీద నిలబెట్టండి.

నమూనా ఒక్కటే చెప్పమంటే లాగ్ కేబిన్ అంటాను. మధ్యలో చిన్న చదరం, చాలాసార్లు ఎరుపు. దాని చుట్టూ సన్నటి పట్టీలు, ఒక సగం లేతవి, ఒక సగం ముదురువి. లేత సగమంతా మీ చొక్కా గుడ్డలే వేయండి. 1860ల నుంచి అమెరికాలో బాగా వాడుకలోకొచ్చిన ఈ నమూనాని చాలామంది అడుగున మరో పాత గుడ్డ పరిచి, దాని మీదే పట్టీలు వరసగా కుట్టుకుంటూ పోయేవారు. మీకు కావలసిందీ అదే. పాత ముక్క లాగుడుకు తట్టుకోలేదు. అడుగున పల్చటి మల్లు గుడ్డ ఉంటే బరువు దాని మీద పడుతుంది.

పట్టీలు అంగుళంన్నర వెడల్పున కత్తిరించండి. రెండు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోగా అంగుళం మిగులుతుంది. చారల గుడ్డయితే చార పట్టీకి అడ్డంగా వచ్చేలా కత్తిరించమంటాను. చార నిలువుగా ఉంటే, కత్తెర పిసరంత పక్కకు పోయినా ఆ వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అచ్చు వేసిన చారలయితే మరీను, అవి పడుగు పోగు వెంబడే నడవాలని లేదు. గుడ్డ తిరగేసి చూడండి. నేతలో వచ్చిన చార రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు చార వెనక వైపు వెలవెలబోతుంది. అడ్డంగా కత్తిరించిన పట్టీ కాస్త సాగుతుంది నిజమే, కానీ అడుగు గుడ్డ దాన్ని పట్టి ఉంచుతుంది.

ముదురు రంగులకు కొత్త గుడ్డలు తెచ్చుకుంటారు కదా, వాటిని ముందే ఉతికి తీరాలి. ఎరుపు, నీలం ఒక్కసారి దిగాయంటే ఆ లేత నేల మీంచి మరక వదిలించడం దాదాపు అసాధ్యం. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటుకుంటున్నంత కాలం ఆ గుడ్డని కత్తిరించకండి.

ప్రశ్న: ముక్క కుట్టడానికి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? కొన్ని పైకి బాగానే ఉన్నాయి, సూది దిగగానే పిగిలిపోతున్నాయి.

జవాబు: ముందు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పోగులు పల్చబడిన చోట వెలుగు మచ్చలుగా దిగుతుంది. తర్వాత రెండు బొటనవేళ్లూ పక్కపక్కనే ఆనించి మెల్లగా రెండు వైపులకూ లాగండి, పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి. చిటపటమని సన్నటి చప్పుడు వినిపిస్తే ఆ గుడ్డ చివికిపోయినట్టే. ఏళ్ల తరబడి మడతపెట్టి ఉంచిన గుడ్డలో మడత గీత వెంబడే ముందు పోతుంది కాబట్టి అక్కడ తప్పక చూడండి.

ముదురు గోధుమ, నల్ల అచ్చుల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. అప్పట్లో ఆ రంగులు పట్టడానికి ఇనుప లవణాలు వాడేవారు. ఇనుము కాలం గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. చుట్టూ తెల్ల నేల గట్టిగానే ఉంటుంది, గోధుమ చుక్క ఉన్నచోట మాత్రం చిన్న చిల్లు పడుతుంది. అలాంటి ముక్కకి వెనక మల్లు గుడ్డ వేసి కాపాడొచ్చు. కానీ రోజూ కప్పుకునే బొంతలో పెట్టకండి, గోడకు వేలాడదీసే చిన్నదానికి ఉంచుకోండి.

ఉతకాలంటే మెషీన్ జోలికి పోవద్దు. వెడల్పాటి తొట్టిలో గోరువెచ్చటి నీళ్లు పోసి, ముక్కల్ని వలగుడ్డ మీద పరిచి ముంచండి, వలతో సహా పైకెత్తండి. తడి గుడ్డ తన బరువుకే చిరుగుతుంది, పిండటం అసలే వద్దు.

ప్రశ్న: నాన్న పోయి చాలాకాలమైంది. ఆయన చొక్కాలు అలాగే దాచాను, ఎక్కువ 1970లనాటివి. వాటితో బొంత కుట్టాలనుంది. కత్తెర పెట్టడానికి చెయ్యి రావడం లేదు. నూలు చొక్కాలు, టెర్రీకాటన్ చొక్కాలు కలిసిపోయి ఉన్నాయి.

జవాబు: కత్తెర పెట్టండి. అల్మారాలో ఉన్న చొక్కాని మీరు ఏడాదికొకసారి తాకుతారు, బొంతయితే రోజూ కప్పుకుంటారు. అలబామాలోని గీస్ బెండ్ ఊళ్లో మిస్సోరి పెట్వే అనే ఆమె, భర్త చనిపోయాక, 1942లో ఆయన పనిబట్టలు కత్తిరించి బొంత కుట్టుకుంది. ఆయన్ని తలుచుకోవడానికీ, కప్పుకుని పడుకోవడానికీ. వెలిసిన చోట్లు, మాసిన చోట్లు ఆమె దాచలేదు, అవన్నీ బొంతలో అలాగే కనిపిస్తాయి. మీరూ దాచకండి. జేబు విప్పితే కింద గుడ్డ అసలు రంగులో నలుచదరంగా బయటపడుతుంది. దాన్ని చుట్టూ ఉన్న వెలిసిన గుడ్డతో సహా ఒకే ముక్కగా తీయండి. మొత్తం చొక్కాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది.

చొక్కాని చింపొద్దు, కుట్ల వెంబడి కత్తిరించండి. వీపు ముక్క అన్నిటికంటే పెద్దది. భుజాల దగ్గరి యోక్ సాధారణంగా రెండు పొరలు, లోపలి పొరకు ఎండ తగలదు కాబట్టి కొత్తగా ఉంటుంది. చేతుల్లో చంక దగ్గర తప్ప మిగతాదంతా పనికొస్తుంది. కాలరు, కఫ్‌ల లోపల గట్టి గుడ్డ ఉంటుంది, సూది దిగదు, వాటిని వదిలేయండి. గుండీల పట్టీని కాజాలతో సహా ఒక పట్టీగా వాడితే అందంగా ఉంటుంది.

ఏది నూలో తేల్చడానికి లోపలి అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టి, పళ్లెం మీద వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. టెర్రీకాటన్‌ని పారేయక్కర్లేదు, నాన్నగారు తొడిగిన చొక్కా కదా. కాకపోతే ఇస్త్రీ వేడి తగ్గించండి, మడత సరిగా కూర్చోదు కాబట్టి ముక్కలు పెద్దవిగా తీసి అంచుకో వెనక వైపుకో వాడండి. చిన్న చిన్న అతుకులకు నూలు చొక్కాలు ఉంచండి. దారం మాత్రం అన్నిటికీ నూలుదే. పాత గుడ్డ కంటే దారం గట్టిదైతే, ఒత్తిడి పడ్డప్పుడు దారం నిలిచి గుడ్డ తెగుతుంది.

చొక్కా గుడ్డ నేత చాలా బిగువు. చేత్తో బొంతకుట్టు వేసేటప్పుడు పొట్టి, సన్న సూది తీసుకోండి, కుట్టు అంచుల మీదుగా కాకుండా పక్కనుంచి పోనివ్వండి.

ప్రశ్న: పాత చొక్కా గుడ్డల పక్కన కలవడానికి కొత్త తెల్లగుడ్డని టీ డికాషన్‌లో ముంచమంటున్నారు. ముంచనా?

జవాబు: వద్దు. టీలోని టానిన్ గుడ్డలో ఉండిపోయి, పోనుపోనూ నూలుని బలహీనపరుస్తుంది. రంగు కూడా ఉతికినకొద్దీ మారిపోతుంది. చలువ చేయని నూలు గుడ్డ కొనుక్కోండి, మీగడ రంగు దానికి సహజంగానే ఉంటుంది.