హైదరాబాద్ నుంచే న్యూయార్క్‌లో ఇల్లు ఖాయం చేసుకోవచ్చా?

కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూమ్ కావాలంటే టూ-లెట్ బోర్డు చూసి ఫోన్ కొడతాం, రెండు నెలల అడ్వాన్సు చేతిలో పెడతాం, ఆ వారంలోనే పాలు పొంగిస్తాం. న్యూయార్క్‌లో ఓనరు ముందుగా అడిగేది మీ జీతం కాగితం. టికెట్ బుక్కయిన వాళ్లందరూ అడుగుతుంటారు, విమానం ఎక్కకముందే లీజు సంతకం చేసేయొచ్చా అని. వద్దు.

ముందు లెక్క చూసుకోండి. పన్నులు కోయకముందు ఏడాది జీతం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలన్నది ఈ ఊరి ఓనర్ల అలవాటు. లక్ష డాలర్ల ఆఫర్ లెటరుంటే నెలకు 2,500 డాలర్ల అద్దె దాకానే మీ హద్దు. చాలకపోతే గ్యారంటార్ (మీరు కట్టకపోతే నేను కడతానని పూచీ ఇచ్చే మనిషి) కావాలి, ఆయన ఏడాది జీతం నెల అద్దెకు 80 రెట్లు ఉండాలంటారు, అదీ న్యూయార్క్ చుట్టుపక్కల ఉండే మనిషైతేనే మేలు. డల్లాస్‌లో ఉన్న పెదనాన్నగారి అబ్బాయిని చూపిస్తే చాలామంది ఒప్పుకోరు. డబ్బు తీసుకుని గ్యారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. క్రెడిట్ హిస్టరీ (అమెరికాలో అప్పులు తీర్చిన చరిత్ర) లేని కొత్తవాళ్ల దగ్గర దాదాపు నెల అద్దె దాకా లాగుతాయి, ఆ సొమ్ము తిరిగి రాదు.

‘ఆర్నెల్ల అద్దె ఒకేసారి ఇచ్చేస్తాం’ అనే మన మంత్రం ఇక్కడ పారదు. 2019 నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం డిపాజిట్టయినా, అడ్వాన్సయినా నెల అద్దెకు మించకూడదు. క్రెడిట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పేరిట 20 డాలర్ల కంటే ఎక్కువ తీసుకోకూడదు (నివాసులే వాటాదారులుగా ఉండే కో-ఆప్ భవనాల సంగతి వేరు). 2025 జూన్ 11 నుంచి నగరంలో ఓనరు పెట్టుకున్న బ్రోకరుకు ఓనరే ఫీజు కట్టాలి. హడ్సన్ నది దాటి పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని జెర్సీ సిటీకి పోతే ఈ బ్రోకరు నియమం వర్తించదు.

ప్రకటనలో ‘నెట్ ఎఫెక్టివ్’ అన్న మాట కనిపిస్తే ఆగి లెక్కేయండి. 2,750 అని రాసి ఉంటుంది, నిజం అద్దె 3,000. పన్నెండు నెలల్లో ఒక నెల ఉచితమిచ్చి సగటు చూపిస్తారు. నెలనెలా మీరు కట్టేది మూడు వేలే, 40 రెట్ల లెక్కా సాధారణంగా మూడు వేల మీదే, వచ్చే ఏడాది పెంపూ దాని మీదే.

హైదరాబాద్ నుంచే సంతకం ఎందుకు వద్దంటే, మొదటి నెల అద్దె, డిపాజిట్ సాధారణంగా క్యాషియర్స్ చెక్కుగా (మన డీడీ లాంటిది) అడుగుతారు. దానికి అమెరికా బ్యాంకు ఖాతా ఉండాలి. ఇల్లు చూపించకుండా జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే యాప్)లోనో వైర్ ట్రాన్స్‌ఫర్‌లోనో డబ్బు పంపమని, తాళాలు కొరియర్‌లో వస్తాయని చెప్పేవాడు దొంగే. వీడియోలో చూసినా సరే, భవనం అసలు ఓనరెవరో నగరం వారి ‘ఏక్రిస్’ రికార్డుల్లోనూ, దాని మీద ఉన్న ఫిర్యాదులు నగర గృహ శాఖ ‘హెచ్‌పీడీ’ సైట్‌లోనూ చూడండి. రెండూ ఉచితం, హైదరాబాద్‌లో కూర్చునే చూసుకోవచ్చు. మొదటి నెల ఏదైనా తెలుగువాళ్ల ఇంట్లో గది తీసుకోండి. ఆలోగా బ్యాంకు ఖాతా తెరవడం, సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు అయిపోతాయి. ఆఫర్ లెటర్, పాస్‌పోర్టు, వీసా కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకే పీడీఎఫ్‌గా సిద్ధంగా ఉంచుకోండి. మంచి ఇల్లు సాయంత్రం దాకా ఆగదు.

ఎక్కడ వెతకాలి? క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్‌కు ఇ, ఎఫ్, ఎం, ఆర్, 7 రైళ్లన్నీ ఉన్నాయి, కూరగాయలకూ పప్పులకూ లోటుండదు. నది అవతల జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ నుంచి పాత్ రైలు మాన్‌హట్టన్‌కు పోతుంది. అద్దెలు పోల్చేటప్పుడు పన్ను మరవొద్దు: న్యూయార్క్ నగరంలో నివసిస్తే ఆదాయాన్ని బట్టి 3.078 నుంచి 3.876 శాతం దాకా నగరపు పన్ను పడుతుంది, జెర్సీలో ఉంటే అది ఉండదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు హీటింగ్ ఎవరి బిల్లో అడగండి. పాత భవనాల్లో చాలావరకు అద్దెలోనే ఉంటుంది. ఎలక్ట్రిక్ హీటరైతే జనవరి కరెంటు బిల్లు మీదే. అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు, బయట 55 ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే, పగలు ఇంట్లో కనీసం 68 డిగ్రీలు ఉండేలా చూడటం ఓనరు బాధ్యత. పొయ్యి మీద చిమ్నీ పొగను బయటికి పంపుతుందో, వడపోసి మళ్లీ గదిలోకే వదులుతుందో చూడండి. రెండోదైతే మిరపకాయ పోపు పెట్టిన ప్రతిసారీ స్మోక్ అలారం కూస్తుంది. మన 1బీహెచ్‌కేలో ఉండే వాష్ ఏరియా ఇక్కడ ఉండదు, బట్టలు బేస్‌మెంట్ మెషీన్‌లోనో వీధి చివరి లాండ్రీలోనో.

లీజులో మీ ఒక్కరి పేరే ఉన్నా, దగ్గరి కుటుంబం మీతో ఉండటానికి న్యూయార్క్ చట్టం ఒప్పుకుంటుంది. అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఓనరు కాదనలేడు. చేరిన రోజే గోడల మరకలు, స్టవ్, బాత్రూమ్ టైల్స్ ఫొటోలు తీసి ఓనరుకు ఈమెయిల్ చేయండి. ఖాళీ చేశాక 14 రోజుల్లో, దేనికెంత కోశాడో పద్దు రాసి మిగతా డిపాజిట్ వాపసు ఇవ్వాలి. గడువు దాటితే కోసే హక్కే పోతుంది.